గని తవ్వే ముందు గూడెంతో ఎలా మాట్లాడాలి

మాది చీపురుపల్లి ప్రాంతం. పక్కనే కోడూరులో 1892లో మాంగనీస్ తవ్వడం మొదలుపెట్టారు. మన దేశంలో ఆ ఖనిజం తవ్వకానికి అదే మొదలు. అక్కడ దొరికే ఒక రకం రాయికి కోడూరైట్ అనే పేరు ఆ ఊరి నుంచే వచ్చింది. గని కూలితో పిల్లల్ని చదివించుకున్న ఇళ్లు నాకు తెలుసు. తవ్వి వదిలేసిన గోతుల్లో నీళ్లు నిండి, అందులో పశువులు పడి చచ్చిన ఊళ్లూ తెలుసు. తర్వాత నేను రెవెన్యూలో మండల సర్వేయర్‌గా విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో పనిచేశాను. లీజు దరఖాస్తు వచ్చినప్పుడు కొండ కొలిచి స్కెచ్ ఇవ్వడం నా పనిలో భాగం. రిటైరయ్యాక ఆ కొండలే మళ్లీ ఎక్కుతున్నాను, ఈసారి గూడేల కుర్రాళ్లతో కలిసి, వాళ్ల ఊరి పటం గీయడానికి.

ఇది రాస్తున్నది ముగ్గురి కోసం. క్వారీ కంపెనీలో కొత్తగా చేరి 'ఊళ్లో మాట్లాడి రా' అని పంపిస్తే వెళ్లే జియాలజిస్టు ఒకరు. గ్రామ సభ పెట్టాల్సిన పంచాయతీ కార్యదర్శి, సచివాలయం సర్వేయర్ ఇంకొకరు. మూడోవారు గూడెంలో డిగ్రీ చదివిన పిల్లలు, కాగితం వస్తే అందరూ 'చదివి చెప్పరా' అని ఎవరి చేతిలో పెడతారో వాళ్లు. ముగ్గురికీ నేను చెప్పే మాట ఒకటే. సభ కన్నా ముందు పటం కావాలి. కంపెనీ స్కెచ్ పక్కన ఊరి పటం పెట్టి, రెండూ చూసి చెప్పిన మాటే, అవునైనా కాదైనా, నిలబడుతుంది. పటం లేకుండా చేతులు ఎత్తిస్తే ఏ కొండకు ఒప్పుకున్నారో ఒప్పుకున్నవాళ్లకే తెలియదు.

ఊరు ఏ జాబితాలో ఉందో ముందు తేల్చుకోండి

సవరలు, జాతాపులు, గదబలు, కొండదొరలు ఉన్న ఊరు కనుక ఏజెన్సీ చట్టాలన్నీ వర్తిస్తాయని అనుకుంటారు. అలా కాదు. రాజ్యాంగం ఐదో షెడ్యూలు కింద నోటిఫై చేసిన గ్రామాల జాబితా వేరే ఉంది. సీతంపేట, గుమ్మలక్ష్మీపురం, కురుపాం వైపు గూడేలు చాలావరకు ఆ జాబితాలో ఉన్నాయి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడదీసినప్పుడు ఇవి పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లాయి. మెళియాపుట్టి, మందస, పాతపట్నం కొండల మీద ఉన్న సవర గూడేలు చాలా వరకు ఆ జాబితాలో లేవు. విజయనగరం జిల్లాలో మెంటాడ, శృంగవరపుకోట వైపు గదబ, కొండదొర గూడేల్లోనూ ఇదే బాధ. ఒకే తెగ, ఒకే దేవత, కొండకు అటుపక్క ఒక చట్టం, ఇటుపక్క ఇంకొకటి. వాళ్లను షెడ్యూల్‌లో చేర్చమని ఏళ్ల తరబడి అడుగుతున్నారు, అడగడం న్యాయమే. అది తేలేదాకా గూడెం ఎక్కడుందో దాన్ని బట్టే పని మొదలుపెట్టాలి.

షెడ్యూల్డ్ గ్రామం అయితే లెక్క సూటిగా ఉంటుంది. వన్ ఆఫ్ సెవెంటీ అని అందరూ పిలిచే 1970 నాటి రెగ్యులేషన్ ప్రకారం గిరిజనేతరుడి పేరిట భూమి మారదు. ప్రభుత్వ భూమికీ ఆ నిషేధం వర్తిస్తుందని 1997 జులై 11న సుప్రీంకోర్టు, సమత అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో చెప్పింది. ఆ కేసు మన పక్కనే, అనంతగిరి మండలం బొర్రా పంచాయతీ గనుల మీద నడిచింది. దాని ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రైవేటు కంపెనీకి గని లీజు ఇవ్వకూడదు. ప్రభుత్వ సంస్థో గిరిజనుల సహకార సంఘమో అయితేనే అవకాశం. దానికి తోడు 1996 నాటి పెసా చట్టం, అంటే షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల చట్టం ఉంది. గ్రానైట్, కంకర లాంటి చిన్నతరహా ఖనిజాల లీజుకు గ్రామ సభో పంచాయతీయో ముందుగా సిఫార్సు చేయడం తప్పనిసరి. అక్కడ గ్రామ సభ అంటే గూడెం సభ. పంచాయతీ కేంద్రంలో టెంటు వేసి నాలుగు సంతకాలు తీసుకుంటే చుట్టూ ఉన్న గూడేల మాట తీసుకున్నట్టు కాదు.

జాబితాలో లేని గూడెం అయితే ఈ రెండూ పనికిరావు. అక్కడ చేతిలో ఉండే బలమైన చట్టం 2006 నాటి అటవీ హక్కుల చట్టం. అది షెడ్యూల్డ్, నాన్ షెడ్యూల్డ్ అని తేడా చూడదు, అడవి ఎక్కడుంటే అక్కడ వర్తిస్తుంది. రిజర్వు ఫారెస్టే కానక్కర్లేదు, హద్దులు వేయని అడవి, వర్గీకరించని అడవి కూడా అందులోకి వస్తాయి. హక్కుల గుర్తింపు పూర్తి కాకుండా ఎవరినీ ఖాళీ చేయించకూడదని సెక్షన్ 4(5)లో స్పష్టంగా ఉంది. చాలా గూడేల్లో పోడు పట్టాల కోసం ఫారం ఏ పెట్టారు గానీ, ఊరందరి హక్కుల ఫారం బి, ఊరి అడవి మీద హక్కు కోరే ఫారం సి పెట్టలేదు. గని మాట వినపడకముందే ఆ రెండూ పెట్టేయండి. సవరల్లో కొన్ని శాఖల్ని, గదబల్లో కొన్ని శాఖల్ని ప్రత్యేకంగా వెనకబడిన గిరిజన సమూహాలుగా గుర్తించారు. వాళ్లకు తమ ఆవాస ప్రాంతం మొత్తం మీద హక్కు అడిగే వీలు కూడా ఆ చట్టంలో ఉంది.

కాగితాలు

ఇక్కడ ఎక్కువ సేపు ఆగక్కర్లేదు. దరఖాస్తు కాపీ, లీజు స్కెచ్, గనుల ప్రణాళిక, పర్యావరణ అనుమతికి పెట్టిన నివేదిక తెలుగు సారాంశం, ఈ నాలుగు చేతిలో ఉండాలి. కంపెనీ మనిషి అయితే అడగకముందే ఇచ్చేయండి, మీ మీద నమ్మకం అక్కడ మొదలవుతుంది. ఊరివాళ్లయితే పర్యావరణ శాఖ వారి పరివేష్ వెబ్‌సైట్‌లో వెతకండి. లీజు హద్దుల ఫైలు కూడా చాలాసార్లు అక్కడే దొరుకుతుంది, దాన్ని గూగుల్ ఎర్త్‌లో తెరిస్తే హద్దు గీత మీ కొండ మీద కనపడుతుంది. లేకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగండి, 30 రోజుల్లో జవాబివ్వాలి, దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవారికి రుసుము లేదు.

స్కెచ్ చూసేటప్పుడు విస్తీర్ణం దగ్గర ఆగండి. టెక్కలి చుట్టూ నీలి గ్రానైట్ కొండల్లో నేను చూసిన లీజులు చాలావరకు చిన్నవే. 5 హెక్టార్లు, అంటే సుమారు పన్నెండున్నర ఎకరాలు దాటని చిన్న ఖనిజం లీజుకు ప్రజాభిప్రాయ సేకరణ సభ పెట్టనక్కర్లేదన్నది నిబంధన. అందుకని ఒక కొండను ముక్కలు చేసి వేర్వేరు పేర్లతో దరఖాస్తులు పడతాయి. అయితే కేంద్ర పర్యావరణ శాఖ 2016 జనవరి నోటిఫికేషన్ ప్రకారం ఒకే ఖనిజం లీజుల హద్దులు ఒకదానికొకటి 500 మీటర్ల లోపు ఉంటే వాటిని క్లస్టర్‌గా కలిపి చూడాలి. కలిపితే 5 హెక్టార్లు దాటితే సభ పెట్టాలి. మీ కొండ మీద, పక్క కొండ మీద ఇంకెవరి దరఖాస్తులు ఉన్నాయో తప్పకుండా చూడండి.

కొండ నడవడం

నా అనుభవంలో అసలు పని ఇదే, అందరూ దాటేసేదీ ఇదే.

మెళియాపుట్టి వైపు ఒక సవర గూడెం. రికార్డులో ఆ కొండ 'కొండ పోరంబోకు'. దరఖాస్తు స్కెచ్‌లో మూలల గుర్తులు, మధ్యలో 'ఖాళీ భూమి, రాతి గుట్ట' అని రాసి ఉంది. మేం బయల్దేరినప్పుడు గూడెంలో అందరికన్నా పెద్దావిడ ముందు నడిచింది. సగం ఎక్కాక ఒక బండ పక్కన కూర్చుని ఎండుటాకులు చేత్తో తోసింది. కింద నీళ్లు. చీల్చిన వెదురును దోనెలా పెట్టి ఆ నీటిని కింది జీడిమామిడి తోటలోకి, అక్కడి నుంచి పైపుతో గూడెం తొట్టిలోకి దింపుకున్నారు. "బోరు వేసంగికి ఎండిపోద్ది బాబూ, ఇది ఎండదు" అంది. ఫోనులో ఆ చోటు అక్షాంశ రేఖాంశాలు తీసి స్కెచ్ మీద వేస్తే, లీజు మూల రాయి ఊటకు కొద్ది అడుగుల పైన పడింది. స్కెచ్ వేసినవాడు అబద్ధం రాయలేదు. ఆ నమూనాలో ఊట రాయడానికి గడి లేదు, అంతే. ఊరి పటం ఉండాల్సింది ఆ గడి కోసమే.

నడిచేటప్పుడు ఎవరు ఉండాలో చెబుతాను. నీళ్లు తెచ్చేది ఆడవాళ్లు, కొండచీపుర్లు, అడ్డాకులు కోసేదీ వాళ్లే. వాళ్లు లేకుండా గీసిన పటంలో సగం కొండ ఉండదు. పశువులు మేపే పిల్లలకు దారులు తెలుసు. పూజారి, సవరల్లో బూయ అంటారు, ఆయనకు దేవత ఉన్న చోట్లు తెలుసు, వాటిలో కొన్ని బయటివాళ్లకు చూపించరు. చూపించమని ఒత్తిడి చేయకండి. ఆ చోటు చుట్టూ పెద్ద గుండ్రం గీసి 'ఇటు వద్దు' అని రాస్తే చాలు. సర్పంచ్, ఎంపీటీసీ వస్తే మంచిదే, కాని వాళ్లే ముందు నడిస్తే మిగతావాళ్లు వెనక నిలబడి తలూపుతారు.

పటంలో ఏం ఉండాలంటే: ఊటలు, గెడ్డలు, వాన వచ్చినప్పుడు మాత్రమే పారే వాగులు కూడా. పోడు చెక్కలు, ఎవరివో పేర్లతో. జీడి, చింత, ఇప్ప, పనస చెట్లు. చీపురు దొరికే వాలు. శ్మశానం. పశువుల దారి, పక్క గూడేనికి కాలిబాట, అంగన్‌వాడీకి పిల్లలు వెళ్లే దారి. రాయి పేలిస్తే చిన్న ముక్కలు ఎంత దూరం ఎగిరి పడతాయో ఊరివాళ్లకు ముందు తెలియదు, అందుకే గూడెంలో ఆఖరి ఇంటి నుంచి లీజు హద్దుకు ఎంత దూరమో కొలిచి పటం మీదే రాయండి. లారీలు ఏ దారిన దిగుతాయో అడిగి ఆ దారీ గీయండి. చాలా గొడవలు క్వారీ దగ్గర మొదలవ్వవు, బడి ముందు దుమ్ము లేపుకుంటూ దిగే లారీల దగ్గర మొదలవుతాయి.

ఒక్కసారి నడిస్తే సరిపోదు. వానలు వెనకబట్టాక కొండ ఒకలా ఉంటుంది, చైత్ర వైశాఖాల్లో ఒకలా ఉంటుంది. ఎండాకాలంలో వెళ్లి 'ఇక్కడ నీళ్లేం లేవు' అని రాసుకొచ్చే నివేదికలు నేను చాలా చూశాను.

ఇంకో పని చేయించండి, ఖర్చు లేనిది. ప్రతి ఊట దగ్గర ఒకే బిందె పెట్టి అది నిండడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో నెలకోసారి చూసి నోటుపుస్తకంలో తేదీతో రాయించండి. చదువుకున్న ఆడపిల్ల ఒకరికి అప్పజెబితే శ్రద్ధగా రాస్తుంది. క్వారీ రాకముందు ఏడాది లెక్క ఉంటే, తర్వాత నీళ్లు తగ్గాయన్నప్పుడు 'వానలు తక్కువ పడ్డాయి' అని ఎవరూ తోసేయలేరు. కంపెనీ నిజాయితీగా పనిచేస్తుంటే ఆ పుస్తకం కంపెనీకీ రక్షణే.

ఎప్పుడు వెళ్లాలి, ఎలా కూర్చోవాలి

జీడి కోత రోజుల్లో సభ పెట్టకండి. సంత రోజు పెట్టకండి. కందికొత్తల పండుగ ముందు పెట్టకండి, పండుగ అయ్యాక మనుషులు ఊళ్లో ఉంటారు, మనసు కుదుటపడి ఉంటుంది. మగపిల్లలు చాలామంది పనుల కోసం చెన్నై, హైదరాబాద్ పోయి ఉంటారు. వాళ్లు వచ్చే నెల ఏదో అడిగి దాన్ని బట్టి తేదీ వేయండి.

భాష గురించి. తెలుగు అందరికీ వచ్చు కదా అంటారు. బజారు తెలుగు వచ్చు. 'లీజు పునరుద్ధరణ', 'బఫర్ జోన్', 'ఓవర్‌బర్డెన్' అంటే కుర్రాళ్లకే తెలియదు, ఇంక పెద్దవాళ్లకు ఎలా తెలుస్తుంది. గిడుగు రామమూర్తి పంతులు గారు మన శ్రీకాకుళం మనిషే, నూరేళ్ల కిందట సవరలతో కూర్చుని వాళ్ల భాష నేర్చుకుని నిఘంటువు రాశారు. ఆయన పేరు మీద సభలు చేసుకునే జిల్లాలో సవర మాట్లాడేవాడు లేకుండా గూడెం సభ నడపడం బాగుండదు. చెప్పేవాడు ఊరి మనిషి అయి ఉండాలి, కంపెనీ జీతం తీసుకునేవాడు కాకూడదు. చెప్పాక వాళ్లనే తిరిగి చెప్పమనండి. 'ఇప్పుడు ఈ కొండకు ఏం జరుగుతుందంట?' అని ఒక పెద్దాయన్ని అడిగి, ఆయన చెప్పింది సరిగ్గా ఉంటేనే అర్థమైనట్టు.

మేకపోతు, చీరలు, ఊరి దేవత గుడికి సిమెంటు, ఇవేవీ సభకు ముందు తీసుకెళ్లకండి. మంచి ఉద్దేశంతో తీసుకెళ్లినా సరే. తీసుకున్నాక కాదనడం మన మర్యాదలో కష్టం, గూడేల్లో ఇంకా కష్టం. ఇవ్వాలనుకుంటే తీర్మానం అయ్యాక, అందులో రాసి ఇవ్వండి.

ఒక సభలో చెప్పి అదే సభలో చేతులు ఎత్తించకండి. చెప్పే సభ ఒకటి, నిర్ణయం చేసే సభ ఇంకొకటి, మధ్యలో కనీసం నెల. ఆ నెలలో ఇళ్లల్లో మాట్లాడుకుంటారు, అత్తవారి ఊరికి వెళ్లి అక్కడి క్వారీ ఎలా ఉందో చూసొస్తారు. వీలైతే కంపెనీయే ఒక జీపు పెట్టి, పనిచేస్తున్న క్వారీ ఒకటి, మూసేసిన క్వారీ ఒకటి చూపించాలి. మూసేసింది తప్పకుండా చూపించాలి.

తీర్మానం ఎలా రాయాలి

నేను సర్వీసులో చూసిన తీర్మానాల్లో చాలా వాటికి ఇదే నమూనా: 'సదరు సర్వే నంబరులో గ్రానైట్ లీజు మంజూరు చేయుటకు సభ్యులందరూ ఏకగ్రీవంగా ఆమోదించడమైనది.' ఎన్ని ఎకరాలు, ఎన్నేళ్లు, ఎవరికి, ఏ షరతు మీద, ఒక్కటీ లేదు. కింద వేలిముద్రలు. కొన్నిటిలో సంతకాల తర్వాత ఖాళీ జాగా ఉంటుంది, దాంట్లో తర్వాత ఏదైనా రాసుకోవచ్చు.

మంచి తీర్మానం పెద్దగా ఉంటుంది, ఉండాలి. సభ ఎక్కడ, ఎన్ని గంటలకు మొదలై ఎప్పుడు ముగిసింది. గూడెంలో ఓటర్లు ఎంతమంది, వచ్చింది ఎంతమంది, అందులో ఆడవాళ్లు ఎంతమంది. అటవీ హక్కుల నిబంధనల ప్రకారం 2012 నుంచి సభ చెల్లాలంటే కనీసం సగం మంది ఉండాలి, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. ఏ సభకైనా ఆ లెక్కే పాటించండి. ఏ కాగితాలు చూపించారు, ఏ భాషలో ఎవరు చెప్పారు. ఎవరు ఏం అడిగారు, దానికి జవాబు ఏమిటి. ఈ ప్రశ్నలు, జవాబులు తప్పకుండా రాయండి, ఎందుకంటే 'ఊట పోతే ఏం చేస్తారు?' అన్న ప్రశ్నకు సభలో ఇచ్చిన జవాబు తర్వాత ఎవరికీ గుర్తుండదు. నిర్ణయం రాసేటప్పుడు లీజులో నుంచి ఏ చోట్లు తీసేయాలో అక్షాంశ రేఖాంశాలతో రాసి, ఊరి పటం జతచేసి, దాని మీదా సంతకాలు పెట్టించండి. పేలుళ్లు ఏ వేళల్లో, సైరన్ ఎలా, లారీలు బడి వేళల్లో ఆపడం, అన్నీ షరతులుగా రాయండి. ఖాళీ జాగాను గీత కొట్టేయండి. వేలిముద్ర పక్కన పేరు, ఇంటిపేరు. సభ లేవకముందే పేజీలన్నీ నలుగురి ఫోనుల్లో ఫొటోలు తీయించండి.

కార్యదర్శి గారికి ఒక మాట. రాయడం అయ్యాక పైకి చదవండి, చదివాకే సంతకాలు. ఆ పావుగంట మీకు భారం అనిపించవచ్చు గానీ, రేపు విచారణ వస్తే మిమ్మల్ని కాపాడేది అదే.

ప్రజాభిప్రాయ సేకరణ సభ వేరే పద్ధతి. పర్యావరణ అనుమతుల మీద వచ్చిన 2006 నోటిఫికేషన్ ప్రకారం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన వేయాలి, తెలుగు సారాంశం ముందే అందుబాటులో ఉంచాలి, కలెక్టరో ఆయన తరఫున అదనపు జిల్లా మేజిస్ట్రేట్ హోదాకు తగ్గని అధికారో అధ్యక్షత వహించాలి. మొత్తం వీడియో తీయాలి, చివర్లో మినిట్స్ తెలుగులో అందరికీ చదివి వినిపించాలి. అక్కడ మాట్లాడేవాళ్లు ఊరి పటం పెద్ద కాగితం మీద గీసి తీసుకెళ్లి చూపించండి. ఆవేశంగా మాట్లాడిన పది మాటల కన్నా, లిఖితపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకున్న ఒక పేజీ ఎక్కువ పనిచేస్తుంది. ఆ సభ ఉందని గ్రామ సభ మానేయకూడదు.

ఒప్పుకుంటే ఏం అడగాలి

ఉద్యోగాలు అని అందరూ అంటారు. గ్రానైట్ క్వారీలో డ్రిల్లర్, రాయి కోసే వైర్ సా ఆపరేటర్, హిటాచీ డ్రైవరు ఎక్కువగా బయటి నుంచే వస్తారు. ఊరివాళ్లకు మిగిలేది కాపలా, మట్టి పని. కాబట్టి 'ఉద్యోగాలు ఇస్తాం' అని రాయించుకోకండి. ఏ పని, ఎంతమందికి, నెలకు ఎంత, ఎవరికి ఏ పని నేర్పిస్తారు, పీఎఫ్, ఈఎస్ఐ ఉందా అని రాయించుకోండి. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే వచ్చే సిలికోసిస్‌కు మందు లేదు, వచ్చాక వెనక్కి తీసుకురాలేం. తడిపి డ్రిల్ చేయడం, మాస్కు, పనిలో చేరే ముందు, ఆ తర్వాత కూడా ఛాతీ ఎక్స్‌రే, ఈ మూడూ రాయించనిదే ఏ పిల్లాడినీ పనికి పంపకండి. ఈ విషయంలో నాకు రాజీ లేదు.

షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజన సొసైటీ పేరిట లీజు రావచ్చు. మంచి దారి అదే, కాని పేరు గూడేనిది, పెట్టుబడి, లాభం బయటివాడివి కావచ్చు. కొన్ని ప్రశ్నలు వేస్తే తేలిపోతుంది. చెక్కు మీద సంతకం ఎవరిది? బ్యాంకు పాస్‌బుక్ ఎవరి ఇంట్లో ఉంది? తవ్వే కాంట్రాక్టు ఎవరికి, ఎన్నేళ్లకు, టన్నుకు సొసైటీకి ఎంత? సొసైటీ లెక్కలు ఆఖరిసారి గూడెంలో ఎప్పుడు చదివారు? జవాబులు రాకపోతే ఆ సొసైటీ కాగితం మీద మాత్రమే ఉందన్నమాట. సమత తీర్పులో కోర్టు ఇంకో మాట కూడా అంది. షెడ్యూల్డ్ ప్రాంతంలో పరిశ్రమ నడిపేవారు నికర లాభంలో కనీసం 20 శాతం శాశ్వత నిధిగా పెట్టి నీళ్లు, బడి, ఆసుపత్రి, పారిశుద్ధ్యం, రోడ్ల కోసం వాడాలని. బేరం ఆడేటప్పుడు ఆ 20 శాతం నుంచి మొదలుపెట్టండి.

జిల్లా ఖనిజ నిధి గురించి గూడేల్లో చాలామందికి తెలియదు. 2015లో గనుల చట్టాన్ని సవరించి తెచ్చారు. మాంగనీస్, బాక్సైట్ లాంటి పెద్ద ఖనిజాల లీజుదారు రాయల్టీకి అదనంగా ఈ నిధికి కట్టాలి. 2015 జనవరి 12కు ముందు ఇచ్చిన లీజులకు రాయల్టీలో 30 శాతం, వేలంలో ఇచ్చినవాటికి 10 శాతం. అది గని వల్ల దెబ్బతిన్న ఊళ్ల తాగునీటికి, ఆరోగ్యానికి, చదువుకు వెళ్లాల్సిన డబ్బు. షెడ్యూల్డ్ ప్రాంతంలో ఆ పనుల ప్రణాళికకు గ్రామ సభ ఆమోదం కావాలి, ఏటా చేసిన పనుల నివేదిక గ్రామ సభకు ఇవ్వాలి. మీ జిల్లా నిధి ఎంత ఉంది, ఎక్కడ ఖర్చయిందో కలెక్టరాఫీసులో అడిగి సభలో చదవండి.

ఊరు వద్దంటే

వద్దు అనడం కూడా పాల్గొనడమే. కంపెనీ మనుషులు దీన్ని ఓటమిలా తీసుకోకూడదు, మళ్లీ మళ్లీ వెళ్లి ఒక్కొక్కరిని విడదీయకూడదు. మన కొమరాడ, కురుపాం కొండల అవతలే ఒడిశాలోని రాయగడ. అక్కడ నియమగిరి మీద బాక్సైట్ గని విషయంలో 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు, కొండ మీద వాళ్ల హక్కుల గురించి, దేవుడి గురించి గ్రామ సభలే నిర్ణయించాలని చెప్పింది. ఆ ఏడాది జులై, ఆగస్టులో రాయగడ, కలహండి జిల్లాల్లో 12 గూడేల్లో సభలు జరిగాయి, ఒక్కో సభకు జిల్లా జడ్జి పరిశీలకుడిగా వచ్చారు. డోంగ్రియా కోదులు, వాళ్ల పొరుగువాళ్లు పన్నెండు చోట్లా వద్దన్నారు. 2014 జనవరిలో కేంద్రం ఆ గనికి అనుమతి నిరాకరించింది. ఆ సభల్లో నిలబడి మాట్లాడినవాళ్లలో చదువులేనివాళ్లు ఎందరో ఉన్నారు, కాని కొండ మీద ఏ వాగు ఎక్కడ పుడుతుందో చెప్పగలిగారు. అది చెప్పగలిగినవాళ్ల మాటను కోర్టులోనైనా కొట్టేయడం తేలిక కాదు.

వద్దన్న తీర్మానంలో కూడా కారణాలు, చోట్లు, పటం ఉండాలి. 'మాకు ఇష్టం లేదు' అని ఒక్క వాక్యం రాసి వదిలేస్తే రెండేళ్ల తర్వాత వేరే పేరుతో అదే దరఖాస్తు వస్తుంది.

తవ్వకం మొదలయ్యాక

పర్యావరణ అనుమతి ఇచ్చిన సంగతి పత్రికలో వేయాలి, కాపీ పంచాయతీకి రావాలి. ఆ అనుమతి మీద అభ్యంతరం ఉంటే 30 రోజుల్లో జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. సరైన కారణం చూపిస్తే ఇంకో 60 రోజులు ఇస్తారు. మనకు చెన్నై బెంచి. తేదీ దాటిపోతే ఎంత మంచి కేసైనా వినరు.

అనుమతి షరతులు పాటిస్తున్నామని కంపెనీ ఏటా జూన్ 1, డిసెంబర్ 1 నాటికి నివేదిక ఇవ్వాలి. ఆ రెండు తేదీల ముందు గూడెంలో ఒక పూట కూర్చోండి. తీర్మానంలోని షరతులు ఒక్కొక్కటి చదివి, జరిగిందా లేదా అని పక్కన రాయండి. క్వారీ మేనేజర్‌ని పిలవండి, వస్తే కుర్చీ వేయండి, రాకపోతే రాలేదని రాయండి. బిందె లెక్కల పుస్తకం తెరిచి ఆ ఆరు నెలలకు, కిందటేడు అవే నెలలకు తేడా చూడండి. తేడా ఉంటే ఆ పేజీల ఫొటోలు, ఊరి పటం, తీర్మానం కాపీ కలిపి కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి, జిల్లా గనుల శాఖకు, కలెక్టర్‌కు ఒకే రోజు స్పీడ్ పోస్టులో పంపండి. కలెక్టరాఫీసులో ప్రజల అర్జీలు తీసుకునే రోజు వెళ్లి చేతికీ ఇవ్వండి. రసీదులన్నీ ఒకే ఇంట్లో కాకుండా రెండిళ్లలో దాచండి.